ఆపద్బాంధవుల వెన్నుకు కాపెవరు?

ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు మన దేశంలో అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయినప్పుడు, మంటలార్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. వారి స్మృతికే ఈ వారోత్సవాలు. ఆ అమరులకు తలవంచడం మన ధర్మం. అయితే మంటలలో మరణించినవాడు లోకానికి కనబడతాడు; నడుము దెబ్బతిని ఇంటికి చేరినవాడు కనబడడు. ఈ వ్యాసం ఆ కనబడనివాని గురించినది.

అగ్నిమాపక సిబ్బందికి ప్రధాన శత్రువు అగ్ని అని మనం అనుకొంటాము. అమెరికాలోని జాతీయ అగ్ని నివారణ సంఘం ప్రకటించే లెక్కలు వేరొక సంగతి చెబుతున్నవి. ప్రమాదస్థలంలో వారికి కలిగే గాయాలలో ఏటేటా అగ్రస్థానం కాలిన గాయాలది కాదు; బెణుకులది, కండరాల నొప్పులది. అంబులెన్సు సిబ్బంది విషయంలోనూ అంతే. వారిని మూలకు కూర్చోబెట్టేది ఎక్కువగా బరువులెత్తిన శ్రమయే.

దీనికి కారణం చిన్న లెక్కతో బోధపడుతుంది. మంటలార్పడానికి సాధారణంగా వాడే గొట్టం వ్యాసం 63 మిల్లీమీటర్లు. పదిహేను మీటర్ల గొట్టంలో నీరు నిండితే ఆ నీటి బరువే సుమారు 47 కిలోలు. వీపున గాలి సిలిండరు, తలపై శిరస్త్రాణం, కాళ్ళకు బరువైన బూట్లు ధరించి, ఆ గొట్టాన్ని ఈడ్చుకొంటూ మెట్లెక్కవలెను. ఇక 108 వాహనంలో ఉండేవారు ఇద్దరే: ఒకరు వైద్య సహాయకుడు, రెండవవారు పైలట్ అని పిలువబడే వాహన చోదకుడు. డెబ్బై కిలోల రోగి, ముప్పై కిలోల స్ట్రెచరు అనుకొంటే తలకు ఏబది కిలోలు. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ అనుకూల పరిస్థితులలో ఒక మనిషి ఎత్తదగిన బరువును 1991లో 23 కిలోలుగా నిర్ణయించినది. రోగులను ఎత్తేటప్పుడు 16 కిలోలు దాటరాదని ఆ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞుడు 2007లో సూచించాడు. బియ్యపు బస్తా కదలదు; రోగి బాధతో మెలికలు తిరుగుతాడు, భయపడి మెడ పట్టుకొంటాడు.

బరువు ఒక్కటే శత్రువు కాదు, దూరం కూడ శత్రువే. మన పొలాలలోని ఏతాన్ని జ్ఞప్తికి తెచ్చుకొనండి. నడుము కూడ ఒక ఏతమే. వెన్ను కండరాలు వెన్నెముకకు సుమారు ఐదు సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తాయి. ఇరవై కిలోల బరువును వెన్నెముకకు నలభై సెంటీమీటర్ల దూరంలో పట్టుకొంటే, దానిని నిలపడానికి ఆ కండరాలు ఎనిమిది రెట్లు, అనగా నూట అరువది కిలోల బలంతో లాగవలెను. మంచం మీదికి వంగి, చేతులు చాచి, రోగిని ప్రక్కకు తిప్పుతూ ఎత్తేవాని వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్ళలు దినదినమూ ఈ ఒత్తిడికి నలుగుతున్నవి. ఒక్కనాటి ప్రమాదంవలె తోచే నడుము నొప్పి అనేక సందర్భాలలో అనేక సంవత్సరాల నలుగుబాటుకు ఫలితం.

మన ప్రాంతంలో ఈ శ్రమ మరింత అధికం. తిరువూరు రాష్ట్ర సరిహద్దున, భద్రాచలం వైపు సాగే జాతీయ రహదారిపైన ఉన్నది. రహదారి ప్రమాదం జరిగితే గాయపడినవారిని గట్టు దిగువనుండి పైకి మోయవలెను. తండాలలో, మామిడితోటల నడుమ వాహనం ఒకచోట ఆగుతుంది, రోగి మరొకచోట ఉంటాడు. పట్టణంలో కొత్తగా లేచిన మేడల మెట్లు ఎంత ఇరుకో మనకు తెలియనిది కాదు. మలుపులో స్ట్రెచరు తిరగదు. విజయవాడ ఆసుపత్రికి తరలించవలెనంటే డెబ్బై కిలోమీటర్లకు మించిన ప్రయాణం. దారిపొడవునా వైద్య సహాయకుడు కుదుపులలో వంగి రోగికి సేవ చేయవలెను. మన్యపు కొండలలో గిరిజనులు నేటికీ రోగులను డోలీలో రహదారి వరకు మోసుకొని వచ్చే దృశ్యాలు పత్రికలలో చూస్తున్నాము. ఆ బరువు అంబులెన్సు వద్ద భుజం మారుతున్నది, అంతే.

2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ రోగులను ఉంచిన ఒక హోటలులో మంటలు చెలరేగి 10 మంది మరణించారు. చిక్కుకొన్నవారిని నిచ్చెనల మీదుగా దించవలసివచ్చినది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గిన పిదప అగ్నిమాపక శకటాలే ఇండ్లలోని బురదను కడిగినవి. పొంగే నీటి ఒత్తిడికి ఎదురొడ్డి గొట్టం పట్టుకొన్న ఆ భుజాలను ఎవరు తలచుకొన్నారు?

పనికి మనిషిని వంచడం కాక, మనిషికి తగినట్లు పనిని మలచే శాస్త్రానికి ఎర్గోనామిక్స్ అని పేరు. శ్రమ, నియమం అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాల కలయిక ఇది. 1857లో పోలండు దేశస్థుడైన యాస్త్రెంబొవ్‌స్కీ ఈ పదాన్ని వాడాడు. 1949లో బ్రిటన్‌లో దీనికొక పరిశోధక సంఘం ఏర్పడినది. పేరు క్రొత్తదే గాని బుద్ధి మనకు క్రొత్త కాదు. కావడి మోసేవాడు బరువును రెండు ప్రక్కలకు సమంగా పంచుకొంటాడు. పల్లకీ బోయీలు ఒకే కేకకు అడుగులు కలిపేవారు, భుజాలు మార్చుకొనేవారు. హమాలీ బస్తాను ఒంటికి చేర్చి పట్టుకొంటాడు, చేతులు చాచి పట్టుకోడు. పెద్దలు అనుభవంతో నేర్చినదానినే శాస్త్రం కొలతలతో చెబుతున్నది.

మొదట చేయవలసినది పరికరాల విషయం. రోగిని ఎత్తకుండ జరిపే జారుడు దుప్పట్లు, మెట్లపై దించే చక్రాల కుర్చీలు, విద్యుత్తుతో లేచే స్ట్రెచర్లు నేడు ఉన్నవి. కెనడాలోని నయాగరా ప్రాంతపు అంబులెన్సులలో అట్టి విద్యుత్ స్ట్రెచర్లు ప్రవేశపెట్టిన పిదప స్ట్రెచరు మూలంగా కలిగే గాయాలు బాగా తగ్గినవని 2017లో ప్రచురితమైన పరిశీలన తెలుపుతున్నది. ఆ ఖర్చు గిట్టుబాటైనదని కూడ అందులో తేలినది. అగ్నిమాపక శకటంలో బరువైన పరికరాలను నెత్తిమీద గాక నడుము ఎత్తున అమర్చడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. రెండవది పద్ధతి: బరువును ఒంటికి చేర్చడం, మోకాళ్ళు వంచడం, నడుము త్రిప్పక పాదాలు త్రిప్పడం, ఒకరి మాటకు అందరూ ఒక్కసారి ఎత్తడం. మూడవది వ్యాయామం, విశ్రాంతి, నొప్పిని దాచక చెప్పగల స్వేచ్ఛ. నొప్పి అన్నవానిని చేతగానివాడని నవ్వే చోట, ఉద్యోగం పోవునని భయపడే చోట, చిన్న బెణుకు పెద్ద జబ్బుగా ముదురుతుంది.

ఎత్తే పద్ధతిని నేర్పితే చాలదా అని కొందరు అడుగవచ్చు. కేవలం శిక్షణ వలన నడుము నొప్పులు తగ్గుట లేదని పెక్కు పరిశీలనలలో తేలినది. పరికరమివ్వక పాఠం మాత్రం చెప్పడం ఈతకాయంత సహాయం చేసి తాటికాయంత ఫలితం కోరడమే. అత్యవసరంలో నడుము చూచుకొనే తీరిక ఎక్కడిదని మరికొందరి వాదం. అందుచేతనే ఏర్పాటు ముందుగా జరగవలెను. మెట్లమీద సహాయకుని నడుము పట్టేస్తే ఆ రోగి గతి ఏమి? పిలుపుకై ఎదురు చూచే మరొక రోగి గతి ఏమి? ఇద్దరిలో ఒకరు పడిపోతే ఆ వాహనమే నిలిచిపోయినట్లు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, గాయం కలిగించేటంత బరువును ఎవనిచేతా ఎత్తించరాదనే నిబంధన వ్రాయబడినది. అది కర్మాగారాలకు ఉద్దేశింపబడినది. కర్మాగారపు గోడలలోపల కార్మికునికి అవసరమని తోచిన రక్షణ, మన ఇంటి మెట్లమీద మనలను మోసేవానికి అక్కరలేదా?

విద్యార్థి మిత్రులారా, ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయవలెను. మనం చేయవలసినది కూడ కలదు. అంబులెన్సును పిలిచినప్పుడు రోగి ఎన్నవ అంతస్తులో ఉన్నదీ, సుమారు ఎంత బరువు ఉన్నదీ ముందే చెప్పండి. వారు వచ్చులోగా మెట్లమీది సామాను తొలగించండి. చూస్తూ నిలువక, వారు చెప్పినట్లు చేయి వేయండి. రేపు మీలో ఇల్లు కట్టేవారుంటారు. మెట్ల వెడల్పులో జానెడు పొదుపు చేయకండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వచ్చే ఏప్రిల్ వారోత్సవాలలో అగ్నిమాపక, 108 సిబ్బందిని కళాశాలకు ఆహ్వానించి, శాలువా కప్పడంతో సరిపెట్టక, బరువెత్తే పద్ధతిని వారిచేత విద్యార్థులకు నేర్పించండి. వారి ఇబ్బందులను వారి నోటనే వినండి. మన భవనపు మెట్లమీద స్ట్రెచరు తిరుగునో లేదో ఆనాడే వారిచేత చూపించండి. తిరగకపోతే ఆ లోపాన్ని మనం ముందుగా సవరించుకొందము.

శాలువా భుజాన్ని కప్పుతుంది గాని వెన్నును కాపాడదు. ఆ కాపుదల మన పని.