తాళానికి పన్ను వేశారు, తలుపు తెరిచేదెవరు?

ఇంగ్లండ్‌లో ఒక ఇల్లు ఏడాదికి మించి ఖాళీగా పడి ఉంటే స్థానిక కౌన్సిల్ దాని మీద రెట్టింపు పన్ను వేయవచ్చు. అయిదేళ్లు దాటితే మూడింతలు, పదేళ్లు దాటితే నాలుగింతలు. 2024-25లో అక్కడ ‘డి’ బ్యాండ్ ఇంటికి, అంటే మధ్యస్థ విలువ శ్రేణిలోని ఇంటికి, సగటు కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) 2,171 పౌండ్లు. అలాంటి ఇంటిని పదేళ్లు మూసిపెట్టిన యజమానికి బిల్లు 8,684 పౌండ్ల దాకా వెళ్తుంది. మన మున్సిపాలిటీల్లో ఎవరైనా ఇలాంటి పన్ను ప్రతిపాదిస్తే ఆ రోజు సమావేశం సాగదు. అక్కడ అత్యధిక కౌన్సిళ్లు ఏదో ఒక స్థాయిలో దీన్ని అమలు చేస్తున్నాయి.

ఈ పన్ను ఒక్కసారిగా ఇంత పెరగలేదు. 2013 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న ఇళ్ల మీద అదనపు పన్ను సగానికి మించకూడదన్నారు. 2019 నుంచి దాన్ని నూరు శాతం చేసుకోనిచ్చారు. అయిదేళ్లు దాటిన ఇళ్లకు 2020లో 200 శాతం, పదేళ్లు దాటినవాటికి 2021లో 300 శాతం అదనంగా వేసే అధికారమిచ్చారు. 2024 ఏప్రిల్ నుంచి రెండేళ్ల గడువు కాస్తా ఏడాదైంది. 2025 ఏప్రిల్ నుంచి, సెలవులకు వచ్చిపోయే రెండో ఇంటి మీద కూడా రెట్టింపు వేయవచ్చు. దాదాపు ఇదే కాలంలో ఖాళీ ఇళ్లు ఏమయ్యాయి? ఆరు నెలలకు పైగా ఖాళీగా ఉన్న ఇళ్లు 2016లో సుమారు 2 లక్షలు. 2024 నాటికి 2.6 లక్షలు దాటాయి. పన్ను పెరుగుతూ పోయింది, ఖాళీ ఇళ్లూ పెరుగుతూ పోయాయి.

పన్ను వల్లే ఖాళీ ఇళ్లు పెరిగాయని నేను అనను. పన్ను లేకపోతే ఇంకా పెరిగేవేమో. కానీ బిల్లు పంపితే తలుపు దానంతటదే తెరుచుకుంటుందన్న నమ్మకాన్ని ఈ అంకెలు నిలబడనివ్వవు. ఎందుకంటే ఖాళీ ఇంటి వెనక ఉన్నది ప్రతిసారీ ధర పెరిగేదాకా ఆగే వ్యాపారి కాదు. వారసుల మధ్య తెగని వాటా ఉంటుంది. వృద్ధాశ్రమానికి వెళ్లిపోయిన తల్లి ఉంటుంది. కప్పు కారుతుంటే బాగు చేయించే డబ్బు లేని కొడుకు ఉంటాడు. అలాంటివాడికి నాలుగింతల బిల్లు వెళ్తే, కప్పు మీద పెట్టాల్సిన డబ్బు కూడా పన్నుకే పోతుంది. అందుకే వారసత్వ ధ్రువీకరణ పూర్తయిన ఇళ్లకూ, అమ్మకానికో అద్దెకో పెట్టిన ఇళ్లకూ 2025 నుంచి ఏడాది వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లో ఈ అదనపు పన్ను ఖాళీ ఇళ్ల కోసమే ఖర్చు పెట్టాలన్న నిబంధన లేదు. వచ్చిన డబ్బు కౌన్సిల్ మామూలు ఖాతాలో కలిసిపోతుంది. 2010-11 నుంచి 2017-18 మధ్య స్థానిక సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నిధులు, ధరల పెరుగుదల తీసేసి చూస్తే, దాదాపు సగం తగ్గాయని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయమే తేల్చింది. వృద్ధుల సంరక్షణకూ, పిల్లల రక్షణకూ డబ్బు చాలని కౌన్సిల్‌కు ఖాళీ ఇంటి పన్ను ఒక రాబడి మార్గం అయిపోయింది. రాబడి మార్గం అయ్యాక, ఆ ఇల్లు నిండితే బడ్జెట్‌లో ఆ మేరకు లోటు కనిపిస్తుంది. కౌన్సిలర్లను తప్పు పట్టలేం. ఆ స్థితిలోకి వాళ్లను నెట్టినవాళ్లను పట్టాలి.

వేల్స్‌లోని గ్వినెద్ కౌన్సిల్ మరో దారి పట్టింది. కొండలూ సముద్రమూ కలిసిన అందమైన ప్రాంతం అది. బయటివాళ్లు సెలవుల కోసం ఇళ్లు కొనుక్కోవడంతో, వెల్ష్ మాట్లాడే స్థానిక యువతకు సొంత ఊళ్లోనే ఇల్లు అందకుండా పోయింది. అక్కడ రెండో ఇళ్ల మీద అదనపు పన్ను 2018లో 50 శాతంతో మొదలై, 2021లో నూరు శాతం, 2023లో 150 శాతం అయింది. రేటు కన్నా ముఖ్యమైనది ఆ డబ్బు వెళ్లిన చోటు. అందులో భాగాన్ని కౌన్సిల్ తన గృహ ప్రణాళికకు మళ్లించింది. మొదటిసారి ఇల్లు కొనుక్కునే స్థానికులు పాడుబడిన ఖాళీ ఇంటిని తీసుకుంటే, బాగు చేసుకోవడానికి గ్రాంటు ఇస్తోంది. తాళం వేసినవాడి దగ్గర వసూలు చేసిన డబ్బు తాళం తీసేవాడి చేతికి చేరుతోందన్నమాట. స్కాట్లండ్‌లో 2010 నుంచి ఖాళీ ఇళ్ల భాగస్వామ్య సంస్థ ఒకటి పనిచేస్తోంది. కౌన్సిళ్లలో ఇందుకోసమే అధికారులను పెట్టించి, యజమానిని వెతికి పట్టుకుని, ఫోన్ చేసి, అడ్డంకి ఏమిటో అడిగి, వేల ఇళ్లను మళ్లీ వాడకంలోకి తెచ్చింది. నోటీసు చేయలేని పనిని మనిషి చేస్తాడు. ఆ మనిషికి జీతం ఎవరు ఇస్తారన్నదే అసలు సమస్య.

ఇళ్ల సంగతి ఇదైతే, షాపుల సంగతి ఇంకా చిక్కు. ఊరి మధ్య ‘హై స్ట్రీట్’లో దుకాణం మూతపడితే, పన్ను విషయంలో ఇంగ్లండ్‌లో కౌన్సిల్ చేతిలో ఈ పాటి అధికారం కూడా లేదు. వ్యాపార భవనాల పన్ను, అక్కడివాళ్లు ‘బిజినెస్ రేట్స్’ అనేది, ఏడాది అద్దె విలువ మీద లెక్క కడతారు. చాలా ఏళ్లుగా అది అద్దె విలువలో సగం దగ్గర ఉంటూ వచ్చింది. వసూలు చేసేది కౌన్సిలే అయినా, ఖాళీ షాపుకు ఎంత పన్ను, ఎన్నాళ్లు మినహాయింపు అన్నది నిర్ణయించేది లండన్. ఇంటికి తాళం పడితే ఊరు మాట్లాడవచ్చు, షాపుకు తాళం పడితే ఊరు చూస్తూ ఉండాలి. స్కాట్లండ్ మాత్రం 2023 ఏప్రిల్‌లో ఖాళీ వ్యాపార భవనాల రాయితీని నిర్ణయించే అధికారాన్ని కౌన్సిళ్లకే అప్పగించింది. ఇంగ్లండ్ ఇంకా ఆ దారిలోకి రాలేదు.

లండన్ తీసుకున్న నిర్ణయం ఎలాంటిదో చూడండి. 2008 ఏప్రిల్ దాకా ఖాళీ షాపుకు మూడు నెలల తర్వాత సగం పన్ను ఉండేది. దాన్ని పూర్తి పన్ను చేశారు. యజమానులు దిగివచ్చి అద్దె తగ్గిస్తారని ఆలోచన. అది అమల్లోకి వచ్చిన కొన్ని నెలలకే బ్యాంకులు కూలాయి. 2009 జనవరి నాటికి వూల్‌వర్త్స్ సంస్థ ఎనిమిది వందలకు పైగా దుకాణాలను మూసేసింది. అద్దె తగ్గించినా వచ్చే మనిషి లేడు, పన్ను మాత్రం ఆగదు. దాంతో యజమానులు అద్దెదారుల కోసం కాక లాయర్ల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆరు వారాలు భవనం వాడినట్టు చూపిస్తే మళ్లీ కొన్ని నెలల మినహాయింపు మొదలవుతుంది. అందుకని పెద్ద గోదాములో ఒక మూల, మొత్తం విస్తీర్ణంలో 0.2 శాతం జాగాలో, కొన్ని కాగితాల కట్టలు పెట్టారు. అదీ వాడకమేనని 2012లో హైకోర్టు అంగీకరించింది. మరుసటి ఏడాది సండర్లాండ్ కేసులో చిన్న బ్లూటూత్ పెట్టె పెట్టినా చాలన్నారు. ఇంకొందరు ఉత్తుత్తి కంపెనీలు పుట్టించి, వాటికి లీజు రాసి, పన్ను బాకీ పడ్డాక కంపెనీని మూసేశారు. రాసెండేల్, విగాన్ కౌన్సిళ్లు ఆ సంగతిని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లి, 2021 మేలో తమవైపు తీర్పు తెచ్చుకున్నాయి. ఆరు వారాల గడువును ఇంగ్లండ్‌లో పదమూడు వారాలు చేయడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది.

ఈ పదహారేళ్లలో ఎంత తెలివి, ఎంత డబ్బు, ఎంత కోర్టు సమయం పోయిందో తలుచుకుంటే బాధ కలుగుతుంది. అందులో సగం శ్రమ ఆ వీధుల మీద పెట్టి ఉంటే వాటి తీరు వేరుగా ఉండేది.

ఇక పట్టణ కేంద్రాల నిధులు. 2011లో హై స్ట్రీట్‌ల మీద మేరీ పోర్టాస్ ఇచ్చిన నివేదిక తర్వాత, మరుసటి ఏడాది పన్నెండు పట్టణాలకు కలిపి 12 లక్షల పౌండ్లు ఇచ్చారు. తర్వాత ‘ఫ్యూచర్ హై స్ట్రీట్స్ ఫండ్’ వచ్చింది. 2020 డిసెంబరులో 72 ప్రాంతాలకు దాదాపు 83 కోట్ల పౌండ్లు ప్రకటించారు. అందులో 15 ప్రాంతాలకే అడిగినంత దక్కింది, మిగతా 57 ప్రాంతాలకు అడిగినదాంట్లో 69 శాతమే ఇచ్చారు. నూరు పౌండ్లకు వేసుకున్న ప్రణాళిక 69 పౌండ్లకు ఎలా పూర్తవుతుందో కౌన్సిళ్లే తేల్చుకోవాలి. 2019లో వచ్చిన 360 కోట్ల పౌండ్ల ‘టౌన్స్ ఫండ్’ కథ ఇంతకన్నా చేదు. ఎంపిక చేసిన 101 పట్టణాల్లో పన్నెండు, అధికారులే తక్కువ ప్రాధాన్యం అని రాసినవి. ఎంపిక పారదర్శకంగా లేదని 2020 నవంబరులో పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీ తప్పుపట్టింది. ప్రతి చిన్న పనికీ లండన్‌లో చేయి చాచే ఈ పద్ధతి విఫలమైందని, 2023లో వెస్ట్ మిడ్‌లాండ్స్ మేయర్ ఆండీ స్ట్రీట్ బహిరంగంగా అన్నారు. ఆయన అప్పటి అధికార పార్టీ మనిషే.

అలాంటి పోటీ నిధుల మధ్య కూడా ఒక కౌన్సిల్ తన ఆలోచన తాను చేసింది. స్టాక్టన్-ఆన్-టీస్ ఉత్తర ఇంగ్లండ్‌లో, ప్రపంచ రైలు చరిత్రలో పేరున్న ఊరు. 2012 నాటి పన్నెండు పట్టణాల్లో అదీ ఒకటి. విశాలమైన దాని ప్రధాన వీధికీ టీస్ నదికీ మధ్య క్యాసిల్‌గేట్ అనే షాపింగ్ సెంటర్ అడ్డంగా ఉండేది. కౌన్సిల్ దాన్ని కొనేసి, అక్కడి దుకాణాలను ఊళ్లోనే మరో సెంటర్‌కు మార్చి, మొత్తం కూలగొట్టించింది. వీధి నుంచి నది కనపడేలా ఆ స్థలంలో పార్కు తలపెట్టింది. ఊరికి కావాల్సిన దానికన్నా దుకాణాలు ఎక్కువైపోయాయని ఒప్పుకోవడం కౌన్సిలర్లకు తేలిక కాదు. ఖాళీ షాపులన్నీ మళ్లీ షాపులుగానే నిండాలన్న పట్టుదల వదులుకుంటేనే ఇలాంటి నిర్ణయం వీలవుతుంది. కౌన్సిల్ ఆస్తుల మీద డబ్బు పెడితే ప్రతిసారీ మేలు జరుగుతుందనీ కాదు. ఊరి మధ్యలో ఆకాశహర్మ్యాల కోసం అప్పులు చేసిన వోకింగ్ కౌన్సిల్ 2023 జూన్‌లో 120 కోట్ల పౌండ్ల లోటు ఉందని చేతులెత్తేసింది. ఊరి అవసరం నుంచి పుట్టిన ప్రణాళికకూ, ఆస్తి విలువ పెరుగుతుందన్న ఆశ నుంచి పుట్టిన పెట్టుబడికీ ఉన్న తేడా ఈ రెండు ఊళ్లలో కనిపిస్తుంది.

2024 డిసెంబరు నుంచి ఇంగ్లండ్ కౌన్సిళ్లకు కొత్త అధికారం ఒకటి వచ్చింది. రెండేళ్లలో 365 రోజులకు మించి ఖాళీగా ఉన్న షాపును, యజమాని తానుగా అద్దెకివ్వకపోతే, కౌన్సిలే వేలం వేసి ఏడాది నుంచి అయిదేళ్ల లీజుకు ఇవ్వవచ్చు. ముందుగా ముందుకొచ్చినవాటిలో డార్లింగ్టన్, మాన్స్‌ఫీల్డ్, బాసెట్‌లా కౌన్సిళ్లు ఉన్నాయి. పన్ను కన్నా ఇది సూటి ఆయుధం. యజమానికి పన్ను ఎగ్గొట్టే దారి దొరకవచ్చు గానీ, కొత్త అద్దెదారును కాదనే వీలు తక్కువ. కాకపోతే దీన్ని నడపడానికి న్యాయ విభాగం కావాలి, ఇంజనీరు కావాలి, వీధి వీధీ తెలిసిన అధికారి కావాలి.

మన దగ్గర లెక్క ఇందుకు పూర్తిగా తలకిందులు. ఉమ్మడి రాష్ట్ర కాలం నుంచీ మన పురపాలక చట్టాల్లో ‘వేకెన్సీ రెమిషన్’ ఉంది. భవనం ఖాళీగా ఉంటే పన్నులో సగం దాకా తగ్గిస్తారు. దానికి ఒక కారణం ఉండేది. ఆస్తి పన్ను ఏడాది అద్దె విలువ మీద ఆధారపడినప్పుడు, అద్దె రాని భవనం మీద పూర్తి పన్ను వేయడం అన్యాయం అనిపించింది. కానీ ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం సవరించి, 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేయడానికి మారింది. విలువ మీద పన్ను వేశాక, అద్దె రాలేదన్న వాదనకు బలం పోయింది. తాళం వేసి ఉన్నా ఫ్లాటు విలువ పెరుగుతూనే ఉంటుంది. దాని ముందు రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపం ఊరి డబ్బుతోనే నడుస్తాయి. 2011 జనగణన నాటికే దేశంలో 2.4 కోట్లకు పైగా ఇళ్లు, భవనాలు ఖాళీగా ఉన్నాయి.

పండగ రోజుల్లో విజయవాడ బీసెంట్ రోడ్డుకో, వరంగల్ చౌరస్తాకో వెళ్తే మన పట్టణ కేంద్రాలకు ఏ జబ్బూ లేదనిపిస్తుంది. కొంచెం తల ఎత్తి మొదటి అంతస్తు చూడాలి. తగాదాలో ఉన్న పాత భవనాలు, బైపాస్ రోడ్డుకు తరలిపోయిన వ్యాపారాలు, వేలం పాడేవాళ్లు లేక షట్టర్లు దించి ఉన్న మున్సిపల్ కాంప్లెక్సుల మల్గీలు కనిపిస్తాయి. నిధుల విషయంలోనూ మనం బ్రిటన్ పొరపాటునే చేశాం. 2015లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్ కూడా పోటీ పద్ధతిలోనే నగరాలను ఎంచుకుంది. విశాఖపట్నం, కాకినాడ మొదటి జాబితాలో గెలిచాయి, వరంగల్ తర్వాత వచ్చింది. నివేదికలు రాసే కన్సల్టెంట్లను పెట్టుకోలేని చిన్న మున్సిపాలిటీలు ఆ పందెంలో నిలవలేకపోయాయి.

నాలుగింతల పన్నును తెచ్చి తెనాలి మీదో జగిత్యాల మీదో రుద్దమని నేను కోరడం లేదు. గ్వినెద్ చేసిన పని మాత్రం మన కౌన్సిళ్లు చేయాలి. వేకెన్సీ రెమిషన్‌ను మొదటి ఏడాదికే పరిమితం చేయాలి. ఆ తర్వాత పూర్తి పన్ను, మూడేళ్లు దాటితే కొంత అదనం వేసే అధికారం పురపాలక సంఘానికే ఇవ్వాలి. కోర్టు వివాదంలో ఉన్న ఇళ్లకూ, బాగు చేసుకోలేని పేద యజమానులకూ మినహాయింపు ఉండాలి. అలా వచ్చిన డబ్బును జనరల్ ఫండ్‌లో కలపకుండా విడి ఖాతాలో ఉంచి, ఏ వార్డులో వసూలైతే ఆ వార్డులోనే ఖాళీ భవనాల మరమ్మతుకూ, మెయిన్ రోడ్డు కాలిబాటలకూ, మరుగుదొడ్లకూ వాడాలి. ఖాళీ భవనాల జాబితా తయారు చేసి యజమానిని కలిసే బాధ్యతను ఒక అధికారికి అప్పగించాలి. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు ఇప్పటికే గడప గడపకూ వెళ్లే ఏర్పాటు. జాబితా పని వాటితో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.