సున్నపు బట్టీకీ సముద్రపు నాచుకూ చుట్టరికం

పల్నాడు జిల్లాకు తీరం లేదు. నరసరావుపేటలో నిలబడి సముద్రం గోడు వినిపిస్తే మనకెందుకనేవాళ్లే ఎక్కువ. అది పొరపాటు. మన ఇళ్లలో పరుచుకున్న మాచర్ల నాపరాళ్లు కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నమే. ఆ సున్నపురాయినే పిడుగురాళ్ల బట్టీల్లో, దాచేపల్లి, మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో కాలుస్తున్నాం. వంద కిలోల మేలిరకం రాయి కాలితే మిగిలే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తాయి. గోడకు కొట్టిన సున్నం దాన్ని కొంత తిరిగి పీల్చుకునే మాట నిజమే. బట్టీలో మండిన బొగ్గు పొగకు ఆ తిరుగుదారి లేదు.

మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రాల్లోకే చేరుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 ఉన్న ఉపరితల జలాల పీహెచ్ 8.1కి దిగింది. చూడటానికి చిన్న తేడాయే. ఆమ్లత్వం మాత్రం దాదాపు 30 శాతం పెరిగినట్టు. ఆ నీటిలో ఆల్చిప్పకు పెంకు కట్టుకోవడమే గగనం. అల్వా వంటి పచ్చనాచుకు అదే కార్బన్ మేత. దానికి నత్రజని తోడై, నీరు కాస్త వెచ్చబడితే తెట్టెలు కట్టేస్తుంది. వేడి మరీ ముదిరితే అదీ చచ్చి కుళ్లుతుంది, నీటిలో ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు చస్తాయి. 2008 ఒలింపిక్స్ పడవ పందేలకు ముందు చైనాలోని చింగ్‌డావ్ తీరాన్ని ఈ జాతి నాచే కప్పేసింది. వేలమంది దిగి ఎత్తిపోయాల్సి వచ్చింది. అక్కడ ప్రధాన కారణాల్లో ఒకటి నీటిలో పోగుపడిన పోషకాలు.

మన సముద్రంలో చేరే అలాంటి పోషకాల్లో మన వాటా కూడా ఉంది. మిరప మొక్క తాగని యూరియా వానకు కొట్టుకుపోయి నాగులేరులో, చంద్రవంకలో పడుతుంది. అవి కృష్ణలో కలుస్తాయి. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది.

బట్టీల పొగ కొలతను ప్రజల ముందు పెట్టకుండా కొత్త బట్టీకి అనుమతి ఇవ్వకూడదు. ఉపాధి పోతుందన్న వాదనతో ఈ లెక్కను దాటవేయనివ్వకూడదు, ఆ పొగను ముందుగా పీల్చేది బట్టీ కూలీయే. మిరప నాట్లకు ముందే ప్రతి రైతు చేతికీ భూసార పరీక్ష చీటీ అందించడం వ్యవసాయశాఖ బాధ్యత. రైతు సోదరులారా, ఈసారి యూరియా బస్తా ఎత్తే ముందు ఆ చీటీ అడగండి.