పారిశుద్ధ్యం గుత్తకు, బాధ్యత గాలికి
భిలాయి నగరపాలక సంస్థకు మా ప్రశ్నలు

భిలాయి నగరపాలక సంస్థలో 70 వార్డులున్నవి. దాని జోన్ కార్యాలయాలలో ఒకటి వైశాలి నగర్ పేరిటనే ఉన్నది. 2008 నుండి శాసనసభా నియోజకవర్గానికి కూడ అదే పేరు. ఇందరు ప్రజాప్రతినిధులున్న చోట, తెల్లవారకముందే వీధులు ఊడ్చి, కాలువల పూడిక తీసి, చెత్త బండి తోసే కార్మికుని యజమాని ఎవరని అడిగితే సూటియైన జవాబు రాదు. కార్పొరేషన్ కాంట్రాక్టరును చూపుతుంది. కాంట్రాక్టరు తనకు రావలసిన బిల్లును చూపుతాడు. ఆ ఇద్దరి నడుమ జీతం కొరకు ఎదురుచూచేవాడు కార్మికుడు.

ఈ దుస్థితి ఆకాశం నుండి ఊడిపడలేదు. మేయర్-ఇన్-కౌన్సిల్‌లోనో, సర్వసభ్య సమావేశంలోనో ఒక అంశంగా వచ్చి, టెండరుగా మారి, ఆమోదం పొందిన విధానమిది. మనుషులు చేసిన నిర్ణయాన్ని మనుషులే మార్చగలరు. కనుకనే మేము ప్రశ్నిస్తున్నాము.

భిలాయి కార్మికులు కట్టిన ఊరు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన నాటి నుండి దేశం నలుమూలల శ్రామికులు ఇక్కడికి చేరారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు వారిలో అనేకం. ప్లాంటు సెక్టార్లలో పౌర సేవలను ప్లాంటు యాజమాన్యమే చూచింది. రైలు మార్గానికి ఆవల పెరిగిన సుపేలా, క్యాంపు, ఖుర్సీపార్, వైశాలి నగర్ వంటి ప్రాంతాలకు కార్పొరేషనే దిక్కు. ఆ కార్పొరేషన్ తన బాధ్యతను గుత్తకిస్తే ఇక దిక్కెవరు?

పాలకులు చెప్పే మొదటి సాకు: నిధులు లేవు. నిధులు లేకుంటే కాంట్రాక్టరు లాభం ఎక్కడి నుండి వస్తున్నది? కార్మికుని వేతనం, ఆపైన కాంట్రాక్టరు వాటా, రెండూ ప్రజలు కట్టిన పన్నుల నుండే పోతున్నవి. మధ్యవర్తిని పోషించగల ఖజానాకు కార్మికుడే బరువైనాడా?

రెండవ సాకు: కాంట్రాక్టు వలన పని చురుకుగా సాగుతుంది. కాంట్రాక్టర్లు మారుతారు, చీపురు పట్టిన చేతులు మారవు. మారేది రికార్డులో పేరు మాత్రమే. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ళ నిరంతర సర్వీసు కావాలి. కాంట్రాక్టు మారిన ప్రతిసారీ కార్మికుని కొత్తవానిగా రాస్తే, పదిహేనేళ్ళు ఊడ్చినవాడు సైతం కాగితం మీద నిన్న చేరినవాడే. ఈ చురుకుతనం ఎవరి కొరకు?

మూడవ సాకు: చట్టం అనుమతిస్తున్నది. ఏ చట్టం? 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి, సంస్థ యొక్క ప్రధాన కార్యకలాపాలలో కాంట్రాక్టు కార్మికులను నియమించరాదని చెప్పి, వెంటనే మినహాయింపుల తలుపులు తెరచినది. పారిశుద్ధ్యం ప్రధాన కార్యకలాపం కాదన్నది వానిలో ఒకటి. కాని ఆ వాక్యానికి ఒక షరతున్నది: సంస్థ ఆ పని కొరకే ఏర్పడినది కాకూడదు. నగరపాలక సంస్థ మరి దేని కొరకు ఏర్పడినది? రాజ్యాంగం పన్నెండవ షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ స్పష్టంగా నగరపాలికల విధులుగా రాసి ఉన్నవి. ఉక్కు కర్మాగారానికి ఊడ్చడం పక్క పని కావచ్చు. నగరపాలక సంస్థకు అదే అసలు పని. మామూలుగా కాంట్రాక్టరు ద్వారా జరిగే పనులకు మరొక మినహాయింపు ఉన్నదని కొందరు వాదించవచ్చు. ఏళ్ళ తరబడి తప్పు చేసి, ఆ తప్పునే ఆనవాయితీగా చూపే వాదమది. దానిని మేము అంగీకరించము.

న్యాయస్థానాల తీర్పులు కూడ పాలకులు చదవవలసియున్నది. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన కార్మికులు తమంతట తాము సంస్థ ఉద్యోగులు కారని చెప్పి కార్మికవర్గాన్ని నిరాశపరచింది. అయితే కాంట్రాక్టు బూటకమైతే వారు అసలు యజమాని ఉద్యోగులేనన్న దారిని ఆ తీర్పే మిగిల్చింది. 2025 జనవరి 31న గాజియాబాద్ నగరపాలక సంస్థ తోటమాలుల కేసులో అదే న్యాయస్థానం, ఏళ్ళ తరబడి పనిచేసినవారిని తొలగించడం చట్టవిరుద్ధమని తేల్చి, తిరిగి పనిలోకి తీసుకొనుమన్నది. నగరపాలికలు పాఠం నేర్వడానికి ఇంకెన్ని తీర్పులు కావాలి?

ఈ నేలకు ఈ పోరాటం కొత్త కాదు. భిలాయికి ఖనిజమిచ్చే దల్లీ-రాజహరా గనులలో 1977లో కాంట్రాక్టు కార్మికులను కూడగట్టిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురైనాడు. 1992 జూలై 1న పవర్ హౌస్ రైల్వే స్టేషను వద్ద పోలీసు కాల్పులలో కార్మికులు నేలకొరిగారు. ఆ నెత్తురు గుత్త విధానానికి ఆమోదముద్ర కాదు.

మేయరును కౌన్సిలర్లు ఎన్నుకోవాలని 2019లో, ప్రజలే ఎన్నుకోవాలని 2024లో రాష్ట్రంలో పద్ధతి మారింది. ఎన్నిక తీరు ఎన్నిసార్లు మారినా, టెండరు కాగితం తీరు మారకుంటే ప్రజలకు ఒరిగేదేమిటి? మూడు లక్షలు గాని, అంతకు మించి గాని జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243-ఎస్ అధికరణం చెబుతున్నది. 2011 లెక్కల నాటికే భిలాయి జనాభా ఆరు లక్షలు దాటింది. వీధి నిర్ణయం వీధి ప్రజల ముందు జరగాలన్నదే ఆ అధికరణం సారం.

కనుక మేము కోరుతున్నాము:

1. పారిశుద్ధ్యాన్ని నగరపాలక సంస్థ ప్రధాన కార్యకలాపంగా గుర్తిస్తూ సర్వసభ్య సమావేశం తీర్మానం చేయాలి.

2. పనిలో ఉన్న కార్మికుల పూర్వ సర్వీసును లెక్కించి, దశలవారీగా నేరుగా నియమించాలి.

3. అంతవరకు కాంట్రాక్టరు చెల్లించని వేతనాన్ని, ప్రావిడెంట్ ఫండును కార్పొరేషనే గడువులోగా చెల్లించాలి.

4. ప్రతి టెండరులో వేతనమెంత, కాంట్రాక్టరు వాటా ఎంత అన్నది వార్డు కమిటీల ముందుంచి, జోన్ కార్యాలయాలలో గోడమీద అతికించాలి.

వైశాలి నగర్ ప్రజలారా, కార్మిక సోదరులారా! ఇది కేవలం ఊడ్చేవారి తగాదా కాదు. జీతం అందని నాడు నిలిచిపోయేది మన వీధి కాలువ. ప్రబలేది మన ఇంటి జ్వరం. ఓటు అడగవచ్చిన ప్రతి అభ్యర్థినీ ఒక్క ప్రశ్న అడగండి: మా వీధి ఊడ్చే కార్మికునికి యజమాని ఎవరు? జవాబు చెప్పలేనివారికి మన నగరాన్ని ఏలే అర్హత లేదు.