ఇంటి పిల్లి – ఒంటి దురద

పుంగనూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమె ఏడేళ్ల కుమార్తె పిల్లిని ఎత్తుకున్న కాసేపటికే చేతుల మీద దద్దుర్లు లేస్తున్నాయి, కళ్లు ఎర్రబడి నీరు కారుతున్నాయి. అత్తగారు మాత్రం "పిల్లి పాక్ జంతువు, దానివల్ల హాని ఎందుకు జరుగుతుంది?" అంటున్నారు. భర్త దానిని గోనెసంచిలో వేసి ఊరవతల విడిచి వస్తానంటున్నారు. ఏం చేయాలి?

అత్తగారి మాటకు ఆధారం ఉంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం ఉంచిన నీటి వద్దకు పిల్లి వస్తే, అది తాగేందుకు వీలుగా ఆయన పాత్రను వంచారు. ఆశ్చర్యంగా చూస్తున్న కోడలు కబ్షాకు, పిల్లి అశుద్ధం కాదనీ, మన మధ్య తిరుగాడే ప్రాణుల్లో అదీ ఒకటనీ దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చినట్లు తెలిపారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ హదీసు ఉంది. అయితే ఇది తహారత్‌కు సంబంధించిన విషయం. ఆ నీటితో వుజూ చెల్లుతుందా అన్న సందేహానికి ఇందులో జవాబు ఉంది. ఒక పసిబిడ్డ ఒంటికి పిల్లి పడుతుందా అన్నది వేరే ప్రశ్న. దానిని వైద్యుణ్ణే అడగాలి. పాలు హలాలే, అయినా కొందరికి పడవు. పడని బిడ్డకు పాలు మాన్పిస్తే హలాల్‌ను హరామ్ చేశారని ఎవరూ అనరు కదా!

చాలామంది తప్పంతా పిల్లి వెంట్రుకలదే అనుకుంటారు. అసలు కారణం దాని లాలాజలంలో, చర్మగ్రంథుల్లో ఉండే ఒక ప్రోటీను. వైద్యులు దానిని ఫెల్ డి 1 అంటారు. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటి, ఎండి, సన్నని ధూళిగా గాలిలో తేలుతుంది. పరుపుల్లో, దుప్పట్లలో, జానమాజుల్లో చేరుతుంది. గాలి మంచిదనే కదా వందేళ్ల క్రితమే మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి వెలసింది! కానీ చలికాలంలో కిటికీలన్నీ మూసి, పిల్లిని దుప్పటిలో పడుకోబెట్టుకుంటే ఆ గాలి మనకేం చేస్తుంది?

దురద ప్రతిదీ అలర్జీ కాదు. గుండ్రంగా, అంచులు ఎర్రగా పొలుసులు కట్టి పాకే మచ్చ తామర కావచ్చు. పిల్లికూనల నుంచి అది పిల్లలకు అంటుతుంది. అప్పుడు బిడ్డతోపాటు పిల్లికీ చికిత్స చేయించాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ కలిసిన లేపనం పూస్తే నాలుగు రోజులు దురద తగ్గినట్లుంటుంది, లోలోపల తామర ముదురుతుంది. ఈ అలవాటు మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందో చూస్తే బాధ కలుగుతుంది. ఇక టమోటా తోటల గట్ల మీద పెరిగే వయ్యారిభామ వల్ల వచ్చే దురద మరొకటి. పొలం పనిచేసేవారి ముఖం, మెడ, కనురెప్పలు మండుతుంటే ఇంట్లోని పిల్లిని నిందించి లాభం లేదు. కుప్పంలో వైద్య కళాశాల ఆస్పత్రే ఉంది. చర్మవ్యాధుల వైద్యునికి ఒకసారి చూపించి, జబ్బేదో తేల్చుకున్నాకే పిల్లి సంగతి ఆలోచించాలి.

అలర్జీయేనని తేలి, బాధ దద్దుర్లకు, తుమ్ములకే పరిమితమైతే పిల్లిని పడకగదిలోకి రానివ్వకండి. ముట్టుకున్న వెంటనే చేతులు కడుక్కోవాలి. పొడి చీపురు ధూళిని లేపుతుంది, కాబట్టి తడిగుడ్డతో తుడవండి. దుప్పట్లు, జానమాజులు వారానికోసారి వేడినీటిలో ఉతకండి. పిల్లికి స్నానం చేయిస్తే కలిగే మేలు కొద్ది రోజులే. బిడ్డకు ఆయాసం, పిల్లికూతలు మొదలైతే మాత్రం ఉపేక్షించరాదు. పిల్లిని వేరే ఇంటికి పంపవలసిందే.

ఆ పంపడం గోనెసంచిలో కాదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానే వెతుక్కొని తినేందుకూ వదలక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైన సంగతి బుఖారీ, ముస్లిం హదీసులలో ఉంది. ఇంట్లో పెరిగి వేట నేర్వని పిల్లిని తెలియని చోట విడిచిపెట్టడం దానికి ఎంత దూరం? ఎలుకల బెడద ఉన్న ధాన్యం కొట్టువారో, దగ్గరి బంధువులో సంతోషంగా తీసుకుంటారు. సోదరి భర్తగారు అలాంటి ఇల్లు వెతకాలి, అది దొరికేవరకు వరండాలో దానికి చోటివ్వాలి.

పిల్లి వెళ్లాక కూడా ఆ ప్రోటీను ఇంట్లో నెలల తరబడి నిలిచి ఉంటుంది. దురద మర్నాడే పోలేదని కంగారుపడకండి. వైద్యుడు చెప్పేవరకు బిడ్డకు మందులు ఆపకండి.