పేరు రాయని కబురు

ఈ పేజీకి పేర్లే ప్రాణం. ‘ఓ ప్రముఖ నటుడు’ అని ఊరించి వదిలేస్తే, “ఎవరండీ ఆయన?” అంటూ ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు మన పాఠకులు. ఈ వారం మాత్రం ఎంత అడిగినా పేరు చెప్పను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మన తెరమీద తాగుబోతులు రెండే రకాలు. ఏడిపించేవాడొకడు, నవ్వించేవాడొకడు. 1953లో ‘దేవదాసు’ వచ్చాక ఏడిపించేవాళ్ళందరికీ అక్కినేనిగారే కొలబద్ద. నవ్వించేవాడు తూలుకుంటూ వచ్చి రెండు డైలాగులు కొట్టి పోతాడు, హాల్లో ఈలలు! మూడో రకం మనిషి కూడా ఉన్నాడండోయ్... మానెయ్యాలనుకునేవాడు. వాడికి మన సినిమాల్లో వేషం తక్కువ.

నాకు తెలిసిన మూడో రకం మనిషి ఒక కో-డైరెక్టరు. కృష్ణానగర్‌లో కాపురం. నేను ‘అన్నయ్యా’ అని పిలుస్తాను. సాయంత్రం సిట్టింగుల్లో నాకు బోలెడు కబుర్లు చెప్పేవాడు. కబురు సగంలో ఆగితే ఇంకో పెగ్గు చెప్పేవాణ్ణి. డబ్బులు నావే. దాచడమెందుకు, ఈ పేజీలో మీరు మెచ్చుకున్న కబుర్లు కొన్ని ఆ గ్లాసులోంచి వచ్చినవే.

ఆర్నెల్ల క్రితం వదిన ఫోన్ చేసింది. “మీ అన్నయ్య మానేస్తానంటున్నారు బాబూ. నువ్వు పత్రికల్లో రాసేవాడివి కదా, ఎక్కడికెళ్ళాలో కాస్త కనుక్కో.”

నాలుగు తిట్టినా బావుండేది.

* * *

ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అదే మంచిదైంది. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడంతో పోదట. ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం షాపులు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి అంతమంది వచ్చింది ఇందుకే.

వణుకు తగ్గాక డాక్టరుగారు అన్నారు: “ఒళ్ళు సంగతి నేను చూశాను. రోజూ సాయంత్రం ఏడు గంటల సంగతి నేను చూడలేను. ఏఏ మీటింగు వెతుక్కోండి.”

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో, ఆక్రన్ అనే ఊళ్ళో, ఒక షేర్ల వ్యాపారీ ఒక సర్జనూ కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో కుదేలైనవాళ్ళే! ఒకడి కథ ఒకడు వింటూ మానుకున్నారు.

వెతకడం మొదలుపెట్టాం. మొదటి అడ్రసుకి వెళ్తే తాళం. గ్రూపు వేరేచోటికి మారిందన్నారు. రెండోది సికింద్రాబాద్‌లో, ఒక చర్చి వెనక గది. అక్కడికి వెళ్ళేలోపు దారిలో ఎన్ని వైన్‌షాపులో! అన్నయ్య కిటికీ వైపు చూడకుండా నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఇవాళ పక్కన నేనున్నాను. రోజూ ఉండను కదా?

* * *

ఆ రోజు ఓపెన్ మీటింగు గనక నన్నూ రానిచ్చారు. క్లోజ్డ్ మీటింగైతే మానాలనుకునేవాళ్ళకే ప్రవేశం. ప్లాస్టిక్ కుర్చీలు, టీ. ఒక్కొక్కరూ పేరు చెప్పి, “నేను ఆల్కహాలిక్‌ని” అని తమ కథ చెప్తున్నారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. జీవితాంతం మానేస్తానని ఒట్లు కూడా లేవు. ఈ ఒక్క రోజుకి తాగను, అంతే!

అలవాటు కొద్దీ నోట్‌బుక్ తీశాను. పక్కనున్న పెద్దాయన మెల్లిగా నా చెయ్యి పట్టుకున్నాడు. పత్రికలు, రేడియో, సినిమాల్లో సభ్యుల పేర్లు బయటపెట్టకూడదని వాళ్ళ నియమమట. సినిమాల్లో అని విడిగా రాసి మరీ ఉంది! నోట్‌బుక్ జేబులోకి పోయింది.

ఫీజు లేదు. చివర్లో ఒక సంచీ తిప్పారు. అయిదు వందల నోటు వేయబోయాను. “బయటివాళ్ళ డబ్బు తీసుకోమండీ” అన్నాడు పెద్దాయన. తాగించిన బాకీ అలా తీర్చేసుకుందామనుకున్న నా పాచిక పారలేదు.

ఆయనే మా ఇల్లెక్కడో కనుక్కుని, ఒక చీటీ రాసిచ్చాడు. మాకు రెండు స్టాపుల దూరంలోనే ఇంకో గ్రూపు ఉంది! నడిచి వెళ్ళొచ్చు. ఇంట్లోవాళ్ళ కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అనే మరో సంఘం సంగతీ చెప్పాడు. వదిన ఇప్పుడు దానికి వెళ్తోంది.

* * *

కథ సుఖాంతమా అంటారా? రెండో నెలలో ఒక సక్సెస్ పార్టీలో అన్నయ్య మళ్ళీ తాగాడు. మర్నాడు సిగ్గుతో ఇంట్లోంచి కదల్లేదు. గ్రూపులో ఒకతను వచ్చి తీసుకెళ్ళాడు. “మళ్ళీ వచ్చారు, సంతోషం” అన్నారట అక్కడ. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నిన్నటికి తొంభై ఆరు రోజులు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఫోన్ చెయ్యాల్సినవాళ్ళుంటే 14446కి చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం వారి టోల్ ఫ్రీ నెంబరు, దగ్గర్లో సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్తారు.

మా సిట్టింగులు ఇప్పుడు ఇరానీ చాయ్ మీద నడుస్తున్నాయి. చాయ్‌కి అంత కబుర్లు రాలవు. ఈ మధ్య ఈ పేజీలో మసాలా తగ్గిందని ఉత్తరాలు రాస్తున్న పాఠక మిత్రులారా, కారణం అదీ!