లేబుల్ చాటు కొవ్వు

వంటనూనె ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. నిజమే, మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. కానీ రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో అది దాదాపు సగం, పొద్దుతిరుగుడు నూనెలో పదో వంతు. ఆ అంకె మాత్రం ప్యాకెట్ వెనక చిన్నక్షరాల్లో నక్కి ఉంటుంది. దాన్ని ముందుకు తెప్పించాల్సింది ఆహార భద్రతా సంస్థే.

నూనెల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదన్న నిబంధన 2022లో అమల్లోకి వచ్చింది. పదేపదే మరిగించి చెడిపోయిన నూనె వాడరాదన్న నిబంధన 2018 నుంచే ఉంది. బజ్జీల బండ్ల దగ్గర, హోటళ్ల వంటగదుల్లో ఆ నూనెను పరీక్షించేవారేరి?

ఇంట్లో చేయగలిగిందీ తక్కువేమీ కాదు. కందిపప్పు, శనగలు, ఉలవలు, బెండకాయ, జామపండులోని కరిగే పీచు పేగుల్లో పైత్యరస ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపుతుంది. వాటిని మళ్లీ తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌నే వాడుకుంటుంది. పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాలి. వేపుళ్లకు బదులు పులుసులు, ఇగుర్లు వండుకోవాలి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. పొగ మానాలి.

వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారికి ఇవి మాత్రమే చాలవు. డాక్టర్ రాసిన మాత్రలను సొంతంగా ఆపడం ప్రమాదం. అధిక కొలెస్ట్రాల్ సాధారణంగా ఏ లక్షణమూ చూపదు. కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించుకోండి.