"తన" అను మాట: ఫంక్షన్, మెథడ్‌ల గురించి ఒక తెలుగు ఉపన్యాసకుని అభిప్రాయము

తెలుగు పాఠము చెప్పుకొని బ్రతుకువానికి కంప్యూటరు విద్యతో ఏమి పని అని ఈ సంచిక చదివే మిత్రులు కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు ముందు ఒక చిన్న సంగతి వినవలెనని మనవి.

గత సంవత్సరము పరీక్షలు సమీపించిన దినములలో బి.కాం. కంప్యూటర్స్ చదువుచున్న విద్యార్థి ఒకడు వరండాలో తిరుగుచు ఏదో వల్లె వేయుచుండగా పిలిచి అడిగినాను. మెథడ్ అనగానేమో ఆంగ్లములో ఒక్క అక్షరము పొల్లుపోకుండ అప్పజెప్పినాడు. "బాగున్నది నాయనా, దీనినే తెలుగులో గాని, మీ ఇంటి ఉర్దూలో గాని చెప్పు" అన్నాను. కొంతసేపు ఆలోచించి, "సార్, ఇది అర్థం చేసుకునేది కాదు సార్, రాసేది" అన్నాడు.

అది సోమరి మాట కాదు. ఆ విద్యార్థి నా తరగతిలో పద్యమునకు అన్వయము చక్కగా చెప్పగల తెలివిగలవాడు. అట్టివాడు మంచి మార్కులతో పట్టా పుచ్చుకొని హైదరాబాదు వెళ్లినపుడు, ఉద్యోగమిచ్చువారు ప్రశ్నను కొంచెము మార్చి అడిగితే నోరు మెదపలేక తిరిగి వచ్చును. ఆంగ్లము రాకపోవుటయే దీనికి కారణమని అందరు అనుచున్నారు. నా అభిప్రాయము వేరు. ఆ భావము ఏ భాషలోను అతని మనస్సులో ప్రవేశింపలేదు. ప్రవేశించుటకు మన ఇంటి భాషలలో మంచి ద్వారము ఉండగా దానిని మనమే మూసి ఉంచినాము.

ఈ మాట ఊరక అనుటలేదు. ఆ దినము తరువాత కంప్యూటరు శాఖలోని నా సహోపాధ్యాయుని అనుమతితో ఆరు వారములు ఆయన తరగతిలో వెనుక బెంచీపై కూర్చున్నాను. అక్కడ నాకు తెలిసినంతవరకు చెప్పుచున్నాను.

మొదట ఫంక్షన్. మన గ్రంథాలయములో పుస్తకము ఆలస్యముగా తిరిగి ఇచ్చినచో రుసుము కట్టవలెను గదా. రోజుకు 1 రూపాయి చొప్పున 12 రోజులకు 12 రూపాయలు. ఈ లెక్కకు కావలసినవి రెండే: ఎన్ని రోజులు, రోజుకు ఎంత. ఆ రెండు విలువలు ఇచ్చినచో ఒక ఫలితము వచ్చును. పుస్తకము తీసికొన్నది అన్వరా, లక్ష్మియా అని ఆ లెక్క అడుగదు. ఒకసారి పేరు పెట్టి రాసి ఉంచుకొని, కావలసినప్పుడెల్ల ఆ పేరుతో పిలుచుకొను ఇట్టి పనియే ఫంక్షన్.

ఇక్కడ విద్యార్థులు తరచుగా జారిపడు మెట్టు ఒకటి ఉన్నది. ఫలితమును తెరపై చూపుట వేరు, పిలిచినవారి చేతికి ఇచ్చుట వేరు. మొదటిది ప్రింట్, రెండవది రిటర్న్. గుమాస్తా "పన్నెండు రూపాయలు" అని గట్టిగా కేక వేసినంత మాత్రమున ఖాతాలో అంకె పడదు. చీటీ రాసి చేతికి ఇచ్చిననే తరువాతి వాడు దానిని లెక్కలో కలుపుకొనగలడు. ఈ భేదమును ఇట్లు చెప్పిన దినమున తరగతిలో పది తలలు ఒక్కసారి ఊగినవి.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. లెక్కను మెట్లు మెట్లుగా చేయు విధానమునకు అల్గారిథమ్ అను పేరు 9వ శతాబ్దమున బాగ్దాదులో నివసించిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరునుండి వచ్చినది. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము పనిచేయనారంభించినపుడు, ఒకసారి రాసిన లెక్కను మరల మరల వాడుకొను ఉపాయమును డేవిడ్ వీలర్ మున్నగువారు రూపొందించినారు. ఆ ఉపాయమునకు నేటి సంతానమే మన ఫంక్షన్.

ఇక మెథడ్. మరల గ్రంథాలయమునకే పోదము. అచ్చు వేసిన ఖాళీ కార్డు ఒకటి ఉన్నది. పేరు, సంఖ్య, తీసికొన్న పుస్తకములు రాయుటకు గళ్లు ఉన్నవి. ఆ నమూనా క్లాస్. అన్వర్ పేరున నింపిన కార్డు ఒక ఆబ్జెక్టు. లక్ష్మి పేరున నింపినది మరియొక ఆబ్జెక్టు. "పుస్తకము తీసికొనుట" అను పని ఇపుడు ఒంటరిగా నిలువదు. ఎవరి కార్డుపై అని వెంటనే ప్రశ్న పుట్టును. అన్వర్ తీసికొన్నచో అన్వర్ కార్డు మారవలెను, లక్ష్మి కార్డు చెక్కుచెదరకుండ ఉండవలెను. ఇట్లు ఒక ఆబ్జెక్టును ఆశ్రయించి, దాని గళ్లను చదువుచు, మార్చుచు ఉండు ఫంక్షనే మెథడ్. "ఎంత?" అని మాత్రమే అడిగి తృప్తిపడునది ఫంక్షన్, "ఎవరిది?" అని కూడ అడుగునది మెథడ్.

వస్తువును, దాని పనిని ఒకేచోట కట్టి ఉంచు ఈ మార్గమును 1960ల దశకములో నార్వే దేశపు ఓస్లో నగరమున ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనువారు సిమ్యులా భాషలో చూపినారు. ఓడలు, వాహనములు, బారులుతీరిన మనుష్యులు ఎట్లు కదలుదురో యంత్రముపై అనుకరించి చూచుట ఆ భాష ప్రయోజనము. ప్రతి ఓడకు దాని స్థితి, దాని నడక వేరు గదా. ఆ అవసరమునుండియే ఈ పద్ధతి పుట్టినది. ఇరువురికి 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించినది.

ఇపుడు నా అసలు మాటకు వచ్చుచున్నాను. పైథాన్ భాషలో మెథడ్ రాయునపుడు మొదట సెల్ఫ్ అను మాట పెట్టవలెను. క్రొత్త విద్యార్థికి ఇది పెద్ద చిక్కు. మెథడ్‌ను పిలుచునపుడు పుస్తకము పేరు ఒక్కటే ఇచ్చును. సెల్ఫ్ రాయుట మరచినచో, ఒకటి తీసికొను చోట రెండు ఇచ్చినారని యంత్రము తప్పు పట్టును. "నేనిచ్చింది ఒకటే గదా సార్" అని తరగతిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రెండవది ఏది? ఎవరి కార్డును పిలిచినామో ఆ కార్డే. అది చెప్పకయే ముందు నడచి లోపలికి పోవును. లోపల దానిని పట్టుకొనుటకు ఒక పేరు కావలెను. ఆ పేరే సెల్ఫ్.

దీనికి తెలుగులో మాట లేదా? ఉన్నది, "తన". "అన్వర్ తన కార్డు చూపినాడు" అన్నచో కార్డు అన్వర్‌దే. "అన్వర్ అతని కార్డు చూపినాడు" అన్నచో కార్డు మరియొకనిది. ఉర్దూలోను ఇంతే: "అప్నా కార్డు", "ఉస్కా కార్డు". ఆంగ్లములో రెండింటికి ఒకటే మాట; ఎవరి కార్డో సందర్భమునుబట్టి ఊహించవలెను. ఆంగ్ల బాలుడు శ్రమపడి నేర్చుకొనవలసిన భేదము మన బాలునికి మాటలు వచ్చిన నాటినుండియే నాలుకపై ఉన్నది. అట్టివానికి మనము ఆ పాఠమును ఆంగ్లములోనే కంఠస్థము చేయించుచున్నాము!

మరియొక విశేషము. పైథాన్‌లో సెల్ఫ్ అనునది నిర్బంధమైన పదము కాదు, ఆచారముగా వచ్చినది మాత్రమే. పైగా 2008లో వచ్చిన ఆ భాష మూడవ రూపమునుండి తెలుగు లిపిలో పేర్లు పెట్టుటకు వీలున్నది. ఒక దినము ప్రయోగశాలలో సెల్ఫ్ స్థానమున "తన" అని తెలుగు అక్షరములతో రాయించినాము. యంత్రము మారుపలుకక పని చేసినది. ఉద్యోగములో సెల్ఫ్ అనియే రాయవలెను. అది పదిమంది నడచు బాట. కాని మొదటి దినమున "తన" అని రాసినవాడు తరువాత సెల్ఫ్ అని రాసినను అర్థము మరువడు.

జావా చదువువారికి ఒక మాట. అక్కడ ప్రతి పని ఏదో ఒక క్లాసులోనే ఉండవలెను; స్వతంత్రమైన ఫంక్షన్ లేదు. కాని స్టాటిక్ అని గుర్తుపెట్టినవి ఏ ఒక్కరి కార్డుకు చెందక, క్లాసుకే చెందియుండును. ఆలస్య రుసుము లెక్క గ్రంథాలయమునకంతటికి ఒకటే గదా! కావున అది స్టాటిక్. "ఎవరిది?" అను ప్రశ్న ఇక్కడ కూడ దారి చూపును.

"ఇదంతా బాగున్నది, కాని ఉద్యోగములు ఆంగ్లములోనే గదా" అని పెద్దలు అనవచ్చును. నేను ఆంగ్లమునకు విరోధిని కాను. ఫంక్షన్‌కు, మెథడ్‌కు కఠిన సంస్కృత పదములు కల్పింపుడని అడుగుటయు లేదు. పేర్లు అట్లే ఉండనిండు. వివరణ మాత్రము మన భాషలో జరుగవలెను. మన జిల్లాలు హైదరాబాదు రాష్ట్రములో ఉన్ననాడు, 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో నడచినది. వైద్యము, ఇంజనీరింగు కూడ ఆ భాషలో బోధింపబడినవి. పుస్తకముల తయారీకై అనువాద సంస్థ ఉండెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథములను తెలుగులో అందించినది. శాస్త్రమును మన భాషలు మోయలేవనుట చరిత్రకు విరుద్ధము.

మన ప్రాంతపు ఉదాహరణమే మరియొకటి. మంథనినుండి శాసనసభకు ఎన్నికై, 1991నుండి 1996 వరకు ప్రధానమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావుగారు తెలుగు, ఉర్దూ మొదలైన పెక్కు భాషలు ఎరిగినవారు. విశ్వనాథవారి వేయిపడగలును హిందీలోనికి తెచ్చినవారు. ఆయన అరువది ఏండ్లు దాటిన పిమ్మట కంప్యూటరు ప్రోగ్రాములు రాయుట నేర్చుకొన్నారు. భాషలు నేర్చిన బుద్ధికి ఇదియు ఒక భాషయే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపములు మూడు. ప్రోగ్రామింగు పాఠములలో మొదటి నెల వివరణ తెలుగులోను, ఉర్దూలోను జరుగునట్లు చూడవలెను. అంతర్గత పరీక్షలో ఒక ప్రశ్నకైన విద్యార్థి తనకు వచ్చిన భాషలో, స్వంత మాటలలో సమాధానము రాయుటకు అనుమతింపవలెను. సాంకేతిక పదములకు మూడు భాషల చిన్న పుస్తకమును విద్యార్థులచేతనే రాయించి గ్రంథాలయములో ఉంచవలెను. వీనికి పెద్ద వ్యయము లేదు.

విద్యార్థి మిత్రులారా! ప్రోగ్రాము రాయుటకు ముందు కాగితముపై ఒక గీత గీయుడు. ఎడమ ప్రక్క "తనవి", కుడి ప్రక్క "బయటినుండి ఇచ్చినవి" రాసికొనుడు. ఎడమ ప్రక్క ఖాళీగా ఉన్నచో మీకు కావలసినది ఫంక్షన్, నిండినచో మెథడ్. వరండాలో వల్లె వేసిన ఆ విద్యార్థి ఈ గీతను ఇపుడు తన తమ్మునికి గీసి చూపుచున్నాడు. నిర్వచనము మాత్రము మరచిపోయినాడట. నాకు సంతోషమే.